శనివారం గోళ్లు

శనివారం గోళ్లు తీయకూడదంటారు మా ఇంట్లో.
మంగళవారం, శుక్రవారం సరేసరి,
దీపం పెట్టాక అసలే కూడదు.
నాకేమో సెలవు శనివారమే.

పొద్దున్నే తలంటుకుని
పెరంబూరు వెంకన్నకో తులసిమాల ఇచ్చి
నొసట తిరుచూర్ణం ఆరకముందే లోకల్ ఎక్కుతాను.
సెంట్రల్ ఎదురుగా పెద్దాసుపత్రిలో
ఎవరూ రానివాళ్ల వార్డు.
నా హ్యాండ్‌బ్యాగులో నెయిల్ కట్టర్, డెట్టాల్ సీసా,
పాత పంచె చింపిన గుడ్డలు.

మొదటిరోజు ఆ వాసనకే
వాష్‌బేసిన్ పట్టుకుని కక్కేశాను.
పెంచలమ్మ ఏమీ అనలేదు.
తడిగుడ్డ కర్ర గోడకి ఆనించి
కొంగుముడిలోంచి ఒక లవంగం తీసి
నా నాలుక మీద పెట్టింది.
తీర్థం ఇచ్చినట్టు కాదు,
మొండిపిల్లకి మందు పెట్టినట్టు.
అప్పటినుంచి ప్రతివారం ఒకటి.

ఆమె తాత కావలి నుంచి వచ్చాడట
మద్రాసు వీధులు ఊడవడానికి.
మూడు తరాల తర్వాత ఆమె తెలుగులో
సగం అరవం, సగం ఫినాయిల్.

నలభై ఒకటో మంచం మనిషికి పేరు లేదు.
గుర్తు తెలియని పురుషుడు, సుమారు అరవై, అని
అట్ట మీద రాసి ఉంది.
బేసిన్ బ్రిడ్జి కింద దొరికాడట.
కాలిగోళ్లు పొట్టేలు కొమ్ముల్లా చుట్ట తిరిగి
మళ్లీ మాంసంలోకే దిగాయి.

ఆ పాదం ఒళ్లో పెట్టుకున్నాను.
చదివినవీ విన్నవీ అన్నీ తలుచుకున్నాను.
ఈయనలో ఆయన ఉన్నాడు,
ఈ పాదమే ఆ పాదం అనుకుంటూ
కళ్లు గట్టిగా మూసుకున్నాను.
ఎంతసేపటికీ
శంఖం లేదు, చక్రం లేదు,
చీము వాసన తప్ప.

"కండ తెగతాదమ్మా,"
వెనకనుంచి పెంచలమ్మ,
"కళ్లు తెరిచి తియ్యి."

తెరిచాను.
పాదం ఉంది.
మడమ పగుళ్లలో తారు.
బొటనవేలి పక్కన పాత కుట్లు,
ఎవరో ఓపిగ్గా, దగ్గర దగ్గరగా వేసినవి.
చీలమండ మీద సగం చెరిగిన పచ్చబొట్టు,
ఒక పేరు, చివర రెండక్షరాలే మిగిలాయి.
గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను.
ఒక్కో గోరూ ఒక్కో శనివారం పట్టింది.

ఆయన మాట్లాడడు.
అన్నానికీ సూదికీ బెడ్‌పాన్‌కీ ఒకటే మాట, సామీ.
డాక్టరూ సామే, ముక్కు మీద ఈగా సామే.
ఈ ఊళ్లో ఆటోవాళ్లు కూడా అనే మాటే కదా
నేనేం పట్టించుకోలేదు.

పదకొండో శనివారం
పని అయిపోయి కట్టర్ తుడుస్తుంటే
నా చెయ్యి లాక్కున్నాడు.
వేళ్లు ఒక్కొక్కటే విప్పి
ట్యూబులైటు వెలుతురుకి ఎత్తి చూశాడు.
చూపుడువేలి గోరు కొంచెం చీలి ఉంది.
నోట్లో నాలుక తడుముకుని, చాలా కష్టం మీద,
"ఉనక్కు యారు?" అన్నాడు.
నీకెవరు, అని.
నీకెవరు తీస్తారనో
నీకెవరున్నారనో.

ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఉంటే
కట్టర్ అందుకున్నాడు.
చేతులు వణుకుతున్నాయి ఆయనకి.
కిటికీ అవతల దీపాలు పెట్టే వేళ.
పెంచలమ్మ బకెట్టు దించి నిలబడింది.
ఈసారీ ఏమీ అనలేదు.
నేను వేలు ఇచ్చాను.

కొంచెం తెగింది.

తిరుగు రైల్లో చోటు దొరకలేదు.
పై కమ్మీ పట్టుకున్న చేతుల్ని చూస్తూ నిల్చున్నాను.
గ్రీజు ఇంకినవి,
గోరింట సగం పెరిగి సగం మిగిలినవి,
పరీక్ష రోజులేమో, మొదలంటా కొరుక్కున్నవి,
పూలు కట్టీ కట్టీ నారకు కోసుకుపోయినవి,
నా ముఖానికి బెత్తెడు దూరంలో
ఎవరిదో చిటికెనవేలు, నల్లబడిన దెబ్బతో.
పెరంబూరు ఎప్పుడు వచ్చి పోయిందో తెలీదు.

విల్లివాక్కంలో దిగి
వెనక్కి వెళ్లే బండి కోసం బెంచీ మీద కూర్చున్నాను,
వేలు నోట్లో పెట్టుకుని.
ఉప్పగా ఉంది,
కాస్త లవంగం ఘాటుగా.